నీళ్ళ దాకా దారి



ఆహ్వానపత్రికలో మనకు చదువు చెప్పిన అయ్యవారి పూర్తి పేరు ఉంది. ఆయన బతికినన్నాళ్ళూ ఆ పేరుతో ఆయనను పిలిచినవాళ్ళం మనలో ఒక్కరమూ లేము. ఈ పూట కూడా నేను అయ్యవారనే అంటాను. ఈ స్మారకోపన్యాసాలలో ఇంతకు ముందు మాట్లాడినవారు చదువు గురించి, కరువు గురించి, సాగునీటి గురించి చెప్పారు. నేను ఎంచుకున్న విషయం విని నిర్వాహకులు కాసేపు ఆగి, "కుక్కలు కూడానా?" అని అడిగారు. అవును, కుక్కలు కూడా. ఊరి నీటి దగ్గరికి మనుషులకూ, కుక్కలకూ ఉండవలసిన దారి గురించి మాట్లాడతాను. ఇది అయ్యవారి దగ్గర నేర్చుకున్న పాఠమే. నేర్చుకున్నది అప్పగించడమే నా పని.

అయ్యవారి కొలత

ఆయన మాకు చెప్పింది సాంఘిక శాస్త్రం. శనివారం ఆఖరి రెండు పీరియడ్లు చెరువు కట్ట మీదే. తూము ఎట్లా తెరుస్తారో, నిండిన నీళ్ళు పొర్లిపోయే మరువ ఆ ఎత్తులోనే ఎందుకు కడతారో, నీళ్ళు వదిలే నీరుగంటికి ఆయకట్టు రైతులు గింజలు ఎట్లా కొలిచేవాళ్ళో నడుస్తూ నడుస్తూ చెప్పేవారు. ఒక శనివారం కట్ట కింద ఊరకుక్క ఒకటి నీళ్ళు తాగుతోంది. అయ్యవారు మమ్మల్ని ఆపారు.

"చూడండప్పా. ఆ కుక్క కట్ట దిగింది. కడుపునిండా తాగింది. రాయి దెబ్బ తినకుండా మళ్ళీ పైకొచ్చింది. ఈ చెరువు ఇంకా ఊరిదే అని లెక్క."

ఆ కొలత ఎంత గట్టిదో నాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు. కుక్క టికెట్టు కొనలేదు. గేటు తెరిచే వేళలు దానికి తెలియవు. నిలువు గోడ దిగలేదు. కాబట్టి కుక్క దిగగలిగిన చోటికి పసిపిల్ల దిగగలదు. మోకాళ్ళు పట్టేసిన అవ్వ దిగగలదు. ఊతకర్రతో నడిచేవాడు, జేబులో రూపాయి లేనివాడు కూడా దిగగలరు.

రెండో పాఠం నాకు పెన్న ఏట్లో దొరికింది. మా చిన్నతనంలో ఎండాకాలం వస్తే ఏటి ఇసుకలో చెలమలు తీసి నీళ్ళు తెచ్చుకునేవాళ్ళం. ఆడవాళ్ళు ఇసుక తోడి, మొదట ఊరిన బురద నీళ్ళు పారబోసి, తేటపడ్డాక చిప్పతో బిందెలోకి ముంచేవాళ్ళు. ఒక మధ్యాహ్నం జీవాల మంద ఏట్లోకి దిగింది. మందతో వచ్చిన కుక్క నాలుక వేలాడేసుకుని మా చెలమ వైపు వచ్చింది. పిల్లలం రాళ్ళు తీసుకున్నాం. కాపరి మమ్మల్ని ఒక్క మాటా అనలేదు. ఏటి వాలు వైపు పది అడుగులు నడిచి, ముందు కర్ర మొనతో, తర్వాత రెండు చేతులతో మూరెడు గుంట తీశాడు. ఇసుక నల్లబడింది, నీళ్ళు ఊరాయి. కుక్క అందులో మూతి పెట్టి చప్పుడు చేసుకుంటూ తాగింది. "దానికీ గొంతెండుతాది కదప్పా" అన్నాడు కాపరి, చేతులు పంచెకు తుడుచుకుంటూ.

అతను ఆ గుంటను వాలుకు కింది వైపే తీశాడు. అందుకే బిందెలకు పట్టే చెలమ చెడలేదు. కుక్కను తరమలేదు, మనిషి తాగే నీటినీ పాడు చేయలేదు. చోటు వేరు చేశాడు, అంతే. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఆ రెండు చెలమల్లోనే ఉంది.

కరువు నేలకు నీటి గట్టు

మన అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి గాలులకు పడమటి కనుమలు అడ్డం. ఈశాన్య గాలులు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి వట్టిపోతాయి. జైసల్మేరు తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లా అని మనకు పేరు. విశాఖకు సముద్రం ఉంది, రాజమహేంద్రవరానికి గోదావరి గట్టు ఉంది. మనకు ఉన్న నీటి గట్లు దాదాపు అన్నీ మనుషులు మట్టి తట్టలు మోసి పోసుకున్నవే.

అనంతపురం పుట్టుకే అట్లాంటిది. 1364 ప్రాంతంలో, మొదటి బుక్కరాయల కాలంలో, ఆయన మంత్రి చిక్కప్ప ఒడయరు పండమేరుకు అడ్డంగా కట్ట వేయించాడని చరిత్ర. ఆ కట్టకు ఒక కొసన బుక్కరాయసముద్రం, రెండో కొసన అనంతసాగరం వెలిశాయి. ఆ అనంతసాగరమే మన అనంతపురం. ముందు చెరువు, ఆ తర్వాతే ఊరు. సముద్రం, సాగరం అని ఊళ్ళకు పేర్లు పెట్టుకున్న ఈ మెట్టనేల మనుషుల ఆశ ఎంతటిదో చూడండి.

ఆ కట్టకే ముసలమ్మ కథ ఉంది. కట్ట తెగబోతే, ఊరిని కాపాడటానికి బసిరెడ్డి చిన్న కోడలు ముసలమ్మ గండిలోకి నడిచి వెళ్ళిందని జనం చెప్పుకుంటారు. కట్టమంచి రామలింగారెడ్డి ఆ కథనే తీసుకుని 'ముసలమ్మ మరణం' రాశారు. ఒక ఆడబిడ్డ ప్రాణం ఇచ్చి నిలబెట్టిందని ఊరు నమ్మే కట్ట మీద, ఊరి ఆడవాళ్ళకు కాలు పెట్టడానికి హక్కు లేదని ఎవరైనా ఎట్లా అనగలరు?

కడప జిల్లా పోరుమామిళ్ళలో బుక్కరాయల కొడుకు భాస్కరుడు 1369లో వేయించిన శాసనం ఉంది. చెరువు కట్టడానికి కావలసిన పన్నెండు అంగాలు, తప్పించుకోవలసిన ఆరు దోషాలు అందులో చెక్కారు. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని అని లెక్క కూడా రాశారు. మన పెద్దలు సప్తసంతానాలలో చెరువును ఒకటిగా లెక్కపెట్టారు. చెరువు తవ్వించినవాడి పుణ్యం అందులో తాగే ప్రాణుల లెక్క మీద పెరుగుతుందని వాళ్ళ నమ్మకం. ఆ లెక్కలో పశువూ, పక్షీ, కుక్కా ఉన్నాయి.

చెరువుకు రేవులు ఉండేవి. తాగునీటి రేవు ఒక చోట, చాకిరేవు ఒక చోట, పశువులు దిగే ఏటవాలు దారి ఇంకొక చోట. తాగునీటికి ఎగువన పశువు దిగకూడదనే కట్టుబాటు ఉండేది. కాపరి ఏటి ఇసుకలో చేసినది ఈ పద్ధతే. బోర్లు వచ్చాయి, కుళాయిలు వచ్చాయి, తుంగభద్ర ఎగువ కాలువ నీళ్ళు వచ్చాయి. చెరువుతో ఊరికి రోజూ పని లేకుండా పోయింది. పని పోయిన చోట రేవులు పూడిపోయాయి, వంకల మీద ఇళ్ళు లేచాయి. 2022 అక్టోబరులో ఒక పెద్ద వానకు నడిమివంక పొంగి అనంతపురం కాలనీలు మునిగాయి. కరువు జిల్లా కేంద్రంలో జనాన్ని పడవలతో బయటికి తేవలసి వచ్చింది. నీళ్ళ దగ్గరికి మన దారినీ, మన మధ్యగా నీళ్ళ దారినీ మూసుకున్నది ఒకే కాలంలో, ఒకే చేతులతో.

ఒక పిల్లవాడు దిద్దిన పాఠం

అయ్యవారి కొలతకు ఒక లోటు ఉంది. దాన్ని ఆయనకు చూపించింది నా పక్కన కూర్చునే స్నేహితుడు. కుక్క సంగతి చెప్పిన మరుసటి శనివారం వాడు లేచి నిలబడి, నేల చూస్తూ అన్నాడు: "అయ్యవారూ, మా ఊరి చెరువులో కుక్క దిగితే ఎవురూ ఏమీ అనరు. మా యమ్మ దిగితే కొడతారు."

అయ్యవారు ఆ పూట ఇంకేమీ చెప్పలేదు. మమ్మల్ని వెనక్కి తీసుకొచ్చేశారు. సోమవారం మొదటి పీరియడులో నల్లబల్ల మీద మహాడ్ అని రాశారు.

మహారాష్ట్రలోని మహాడ్ ఊళ్ళో చవదార్ చెరువు ఉంది. పశువులు, కుక్కలు ఆ నీళ్ళు తాగేవి. అంటరానివారన్న ముద్ర వేసిన మనుషులు మాత్రం తాగకూడదు. ప్రభుత్వ నీటి వనరులు అందరికీ తెరవాలని 1923లోనే బొంబాయి శాసనమండలి తీర్మానించింది. మహాడ్ పురపాలక సంఘం కూడా ఒప్పుకుంది. కాగితం మీద తెరిచిన చెరువు నేల మీద తెరుచుకోలేదు. 1927 మార్చి 20న డాక్టర్ అంబేద్కర్ వేల మందితో నడిచివెళ్ళి ఆ నీళ్ళు దోసిట పట్టి తాగారు. వచ్చినవారి మీద దాడి జరిగింది. తర్వాత పెత్తందారులు పాలు, పెరుగు, గోమూత్రం కుండలతో పోసి చెరువును 'శుద్ధి' చేశారు. చెరువు మీద హక్కు గురించి వేసిన కేసు పదేళ్ళు నడిచి 1937లో బొంబాయి హైకోర్టులో దళితుల పక్షాన తేలింది.

మన రాష్ట్రంలోనే, 1985 జూలైలో కారంచేడులో జరిగింది తెలియనివారు లేరు. తాము తాగే చెరువులో పశువుల మురికి కలపవద్దని దళితులు అడ్డుచెప్పారు. అక్కడ మొదలైన గొడవ ఆరుగురు మాదిగల ప్రాణాలు తీసింది. కాబట్టి కుక్క దిగగలిగిన ప్రతి చెరువూ ఊరిది కాదు. ఆ సోమవారం అయ్యవారు తన మాటను తానే దిద్దుకున్నారు. "ముందు మనుషులందరూ దిగాల. ఆ తర్వాత కుక్క కూడా దిగాల. రెండూ జరిగితేనే చెరువు ఊరిది." పిల్లవాడి మాటకు తన పాఠం మార్చుకున్న ఉపాధ్యాయుణ్ణి నేను ఆయన తర్వాత మళ్ళీ చూడలేదు.

మన రాజ్యాంగం 15వ అధికరణంలో రెండో ఖండం చదవండి. ప్రభుత్వ ధనంతో నడిచే బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, ప్రజలు కలిసే చోట్ల విషయంలో మతం, కులం, లింగం, పుట్టిన చోటు చూసి ఎవరినీ అడ్డగించరాదని అక్కడ రాసి ఉంది. సమానత్వం గురించి రాస్తూ చెరువును పేరుపెట్టి చెప్పిన పుస్తకం అది. 1976లో చేర్చిన 51ఎ అధికరణం ప్రాణుల మీద దయ చూపడాన్ని పౌరుడి విధి అంది. ఒకటి హక్కు, రెండోది విధి. నీటి గట్టు మీద ఈ రెండూ కలుస్తాయి.

గోడలు, టికెట్లు

ఈ రోజుల్లో దారి మూసేవాడు కర్ర పట్టుకుని నిలబడడు. ఇనుప కటకటాలు వస్తాయి, టికెట్టు గది వస్తుంది. విశాఖ రుషికొండ తీరానికి 2020లో, శుభ్రమైన తీరాలకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. సంతోషించాం. 2023 జూలైలో అక్కడికి వెళ్ళడానికి మనిషికి 20 రూపాయల రుసుము పెట్టబోయారు. విశాఖ జనం ఒప్పుకోలేదు, రుసుము ఆగింది. ఆ నగరవాసులకు ఈ వేదిక మీది నుంచి నమస్కరిస్తున్నాను. ఇరవై రూపాయలు చిన్న మొత్తమని వాదించినవారున్నారు. నలుగురు పిల్లలున్న కూలి ఇంటికి అది ఆరుగురి లెక్క. 2025 మొదట్లో ఆ గుర్తింపు తాత్కాలికంగా పోయింది. చెప్పిన కారణాలలో చెత్తతో పాటు తీరంలో తిరిగే కుక్కలు కూడా ఉన్నాయి. చెత్త వేసింది మనం, చెత్త కోసం వచ్చినవి కుక్కలు. తరమాలంటే ముందు చెత్తను తరమాలి.

హైదరాబాదులో 16వ శతాబ్దపు హుస్సేన్‌సాగర్ ఉంది. ట్యాంక్‌బండ్ మీద ఎంత దూరమైనా నడవవచ్చు. 2021లో ఆదివారం సాయంత్రాలు వాహనాలు ఆపి జనానికి వదిలినప్పుడు ఆ రోడ్డు నిండిపోయింది. జనం నీటి గాలికి ఎంత మొహంవాచి ఉన్నారో అప్పుడు తెలిసింది. కానీ నీళ్ళు ముట్టుకునే దారి లేదు, ముట్టుకోదగ్గ నీళ్ళూ కావు. కొండాపూర్‌లో 2018లో పెంపుడు కుక్కల కోసం నగరపాలక సంస్థ పార్కు కట్టింది, మంచిదే. వీధి కుక్కకు మాత్రం మురికి కాలువే మిగిలింది.

చట్టం మన పక్షాన ఉంది. తిరుపతి దగ్గర అవిలాల, పేరూరు చెరువుల భూములను కట్టడాలకు ఇచ్చినప్పుడు ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2006 తీర్పులో కోర్టు చెప్పిన సూత్రం ఇది: చెరువు వంటి సహజ వనరులకు ప్రభుత్వం యజమాని కాదు, ప్రజల తరఫున కాపలాదారు. రాయలసీమ చెరువుల మీద వచ్చిన ఆ మాటను మన పాఠశాలల్లో చెప్పాలి.

భయం సంగతి

ఇక్కడ మీలో కొందరు నన్ను ఆపాలనుకుంటున్నారని తెలుసు. కుక్కకాటుకు పిల్లలను పోగొట్టుకున్న ఇళ్ళు ఉన్నాయి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో ఒక చిన్న పిల్లవాడిని వీధి కుక్కలు చంపేశాయి. ఆ తల్లి ముందు నిలబడి దయ గురించి ఉపన్యాసం ఇచ్చే ధైర్యం నాకు లేదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించే వైద్యం లేదు. కుక్క కరిస్తే గాయాన్ని పారే నీళ్ళతో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే టీకాకు పరుగెత్తాలి. ఈ మాట ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి.

ఆ భయాన్ని గౌరవిస్తూనే చెబుతున్నాను. 2023 జంతు జనన నియంత్రణ నియమాలు వీధి కుక్కలను పట్టి, సంతానం కలగకుండా చికిత్స చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలమన్నాయి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఆ పద్ధతినే నిలబెట్టింది. రేబిస్ ఉన్నవాటినీ, మీద పడే వాటినీ వదలవద్దంది. తిండి పెట్టడానికి వార్డుల్లో వేరే చోట్లు చూపమంది. అదే ఏడాది నవంబరులో బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల వంటి చోట్ల నుంచి కుక్కలను తీసేసి, మళ్ళీ అక్కడ వదలవద్దంది. చోటును బట్టి పద్ధతి మారాలన్నది ఈ ఆదేశాల సారం. చెరువు గట్టు మీద కూడా అదే చేయవచ్చు. పిల్లలు ఆడే మెట్ల వైపు ఒకటి, కుక్కలకు నీళ్ళుండే వైపు ఇంకొకటి.

మన పిల్లలు వేల సంఖ్యలో స్థిరపడిన శాన్‌ఫ్రాన్సిస్కో తీరంలో ఇదే తగువు దశాబ్దాలుగా నడిచింది. అక్కడి గోల్డెన్ గేట్ జాతీయ విహార ప్రాంతంలో ఏ తీరాన కుక్కను గొలుసు విప్పి వదలవచ్చో 1979లో ఒక పద్ధతి పెట్టుకున్నారు. దాన్ని బాగా బిగిస్తూ 2016లో తెచ్చిన ప్రతిపాదనను జనం అభ్యంతరాల తర్వాత 2017లో విరమించారు. అయినా ఇసుక మీద వాలే చిన్న పక్షుల కోసం కొంత మేర, ఏడాదిలో కొన్ని నెలలు, గొలుసు తప్పనిసరి. మనిషికీ, కుక్కకూ, పక్షికీ తలా కొంత. మనకూ ఆ వివేకం ఉంది. చిలమత్తూరు మండలం వీరాపురంలో ఏటా వచ్చే ఎర్రకాళ్ళ కొంగలు ఊరి చింతచెట్ల మీద గూళ్ళు కడతాయి. ఊరివాళ్ళు వాటిని ఇంటికొచ్చిన బిడ్డల్లా చూసుకుంటారు. అట్లాంటి చోట కుక్కను దూరంగా ఉంచడమే ధర్మం.

దూరంగా ఉంచడం వేరు, కొట్టి తరమడం వేరు. మహాభారతం మొదట్లోనే ఒక కుక్కపిల్లను కారణం లేకుండా కొడతారు. దాని తల్లి సరమ వచ్చి జనమేజయుణ్ణి నిలదీస్తుంది. చివర ధర్మరాజు తన వెంట నడిచిన కుక్కను వదిలి స్వర్గానికి రానంటాడు. మొదటి కుక్కను తరిమారు, చివరి కుక్క కోసం ధర్మరాజు నిలబడ్డాడు. అంత పెద్ద కథ నడిస్తే గాని మనిషికి ఆ మాత్రం బుద్ధి రాలేదు.

చేయవలసినవి

కోరేవి పెద్దవి కావు. చెరువు కట్టను బాగుచేసేటప్పుడు నిలువు గోడ ఒక్కటే కట్టవద్దు. కనీసం ఒక చోట నీటి దాకా ఏటవాలు దారి విడవాలి. చక్రాల కుర్చీ దిగాలి, మేక దిగాలి. నడకదారికి డబ్బు వసూలు చేయకూడదు. పడవకు టికెట్టు పెట్టుకోండి, గట్టుకు వద్దు. పెంపుడు కుక్కలకు గొలుసు, టీకా చీటీ అడగండి. వాటి మలం యజమానే ఎత్తాలి. తాగునీటి చెరువైతే ఏ జంతువునూ నీళ్ళలోకి దించవద్దు. బయట తొట్టి కట్టండి.

2025లో ఉపాధి హామీ నిధులతో మన పల్లెల్లో పశువుల నీటితొట్లు కట్టించారు. అవి పట్టణాలకూ రావాలి. ఒక సంగతి గమనించండి. ఆవు కోసం కట్టిన తొట్టి అంచు కుక్కకూ, గొర్రెపిల్లకూ అందదు. అయ్యవారు రిటైరయ్యాక తన పింఛను డబ్బుతో చెరువు కట్ట దగ్గరి బోరింగు పక్కన ఒక రాతి తొట్టి చెక్కించారు. వడ్డెపనివాళ్ళతో కూర్చుని, తొట్టి అంచున ఒక గాడి పెట్టించారు. నిండిన నీళ్ళు ఆ గాడి గుండా కిందికి జారి, నేలమట్టంలో తొలిచిన చిన్న రాతి గిన్నెలో పడతాయి. పైన పశువు తాగుతుంది, కింద కుక్క తాగుతుంది. పోయిన నెల వెళ్ళి చూశాను. గిన్నె అంచు నాకినాకి నున్నబడింది. బోరింగు కొట్టేవాళ్ళు తమ బిందె నిండాక నాలుగు సార్లు తొట్టి కోసం కొడుతున్నారు. ఆ నాలుగు దెబ్బలు వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

సహాధ్యాయులారా, మీలో కౌన్సిలర్లు ఉన్నారు, ఇంజనీర్లు ఉన్నారు, కాంట్రాక్టర్లు ఉన్నారు. మీ ఊరి చెరువుకు సుందరీకరణ అని నక్షా గీసి గోడకు తగిలిస్తారు. లైట్లు, బెంచీలు, సెల్ఫీ బోర్డు అన్నీ అందులో ఉంటాయి. ఆ రోజు లేచి నిలబడి, అయ్యవారి పేరు మీద ఒక్క ప్రశ్న అడగండి: "ఇందులో నీళ్ళ దాకా దారి ఎక్కడుంది?" వాళ్ళు వేలితో చూపించేదాకా కూర్చోవద్దు. ఈ స్మారకోపన్యాసానికి మీరిచ్చే విలువ అదే.